హెడ్‌లైట్‌లోకి నీరెలా వచ్చింది?

వానలు పడ్డ పది రోజుల్లో ఏ కార్ల షెడ్డుకి వెళ్ళినా ఈ ఫిర్యాదు వినిపిస్తుంది: హెడ్‌లైట్ గ్లాసుకి లోపలివైపు చెమ్మ పట్టింది, తుడుద్దామంటే చెయ్యి దూరదు. ఒక మెకానిక్ ఎండలో నిలబెడితే అదే పోతుందంటాడు. ఇంకొకాయన డూమ్, అంటే గ్లాసుతో సహా దీపం డబ్బా, మొత్తం మార్చాల్సిందేనంటాడు. ఇద్దరి మాటా ఒక్కోసారి నిజమే. డూమ్ ధర వేలల్లో ఉంటుంది, కొత్త ఎల్‌ఈడీ దీపాలైతే ఇంకా పైన. అందుకని ఎవరి మాట ఎప్పుడు నిజమో కారు యజమానికి తెలిసి ఉండాలి. అది తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. గాలి ఎంత నీటిని మోయగలదన్న లెక్క చాలు.

30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటిఆవిరిని పట్టుకుంటుంది. 20 డిగ్రీలకి దిగితే 17 గ్రాములు. 10 డిగ్రీల దగ్గర 9 గ్రాముల పైచిలుకు. అంతకు మించి ఉన్న ఆవిరి నీరుగా మారి దగ్గర్లో చల్లగా ఉన్న దేనిమీదో పేరుకుంటుంది. ఇప్పుడు హెడ్‌లైట్‌కి వద్దాం. దాని లోపలి ఖాళీ 10 లీటర్లనుకుందాం, కొంచెం ఎక్కువే వేసుకున్నట్టు. అందులో 30 డిగ్రీల గాలి ఆవిరితో నిండుగా ఉన్నా, ఆ ఆవిరి మొత్తం బరువు 0.3 గ్రాము. ఆరు చుక్కల నీరు. రాత్రి 20 డిగ్రీలకి చల్లబడితే గ్లాసుకి పట్టేది అందులో సగం కూడా కాదు, రెండున్నర చుక్కలు.

రెండున్నర చుక్కలు అంత పెద్ద గ్లాసుని మసకబారుస్తాయా అంటే, బ్రహ్మాండంగా మసకబారుస్తాయి. 500 చదరపు సెంటీమీటర్ల గ్లాసు మీద ఆ నీటిని సమంగా పరిస్తే పొర మందం రెండున్నర మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో పాతికో వంతు కూడా ఉండదు. అయితే నీరు అలా సమంగా పరుచుకోదు. లక్షలాది సన్నటి బొట్లుగా కూర్చుంటుంది. ప్రతి బొట్టూ ఒక చిట్టి కటకమై వెలుగుని తలో దిక్కుకీ విరజిమ్ముతుంది. బయటి నుంచి చూసేవాళ్ళకి డూమ్ నిండా నీళ్ళున్నట్టే అనిపిస్తుంది. ఉన్నది మాత్రం రెండున్నర చుక్కలే.

ఇంకో వైపు నుంచి చూద్దాం. డూమ్ అడుగున చెంచాడు నీళ్ళు, అంటే 5 మిల్లీలీటర్లు నిలిచి ఉన్నాయి. రాత్రికి రెండున్నర చుక్కల చొప్పున అవి గాలిలోంచే రావాలంటే దాదాపు నలభై రాత్రులు పట్టాలి. మధ్యలో ఒక్క చుక్కా ఆరిపోకూడదు. పగటి ఎండకి, బల్బు వేడికి చెమ్మ ఎంతో కొంత బయటికి పోతూనే ఉంటుంది గనక అలా జరగదు. అడుగున నీరు నిలిచిందంటే అది నీరుగానే లోపలికి వచ్చింది. ఎక్కడో దారి ఉంది. షెడ్డుకి వెళ్ళేముందు కారు యజమాని చేసుకోవాల్సిన మొదటి పరీక్ష ఇదే: గ్లాసు మీద మసకా, అడుగున నీళ్ళా?

ఈ లెక్కకి చిన్న సవరణ ఉంది. ఆవిరి గాలిలోనే కాదు, ప్లాస్టిక్‌లో కూడా దాక్కుంటుంది. ఇప్పటి హెడ్‌లైట్ గ్లాసు నిజానికి గాజు కాదు, పాలీకార్బోనేట్. కిలో పాలీకార్బోనేట్‌ని ఒక రోజు నీళ్ళలో నానేస్తే ఒకటిన్నర గ్రాముల నీటిని పీల్చుకుంటుంది. వేడెక్కినప్పుడు ఆ నీటిని వదిలేస్తుంది. వారం రోజులు ముసురు పట్టి, ఆ తర్వాత లైట్లు వేసుకుని దూరప్రయాణం చేస్తే, ఏ లీకూ లేని డూమ్‌లో కూడా చెమ్మ కనిపించడానికి ఇదొక కారణం. అప్పుడు కూడా వ్యవహారం గ్రాము, రెండు గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. అడుగున మడుగు కట్టదు.

ఆవిరి రావడానికైనా దారి ఎందుకుండాలి, డూమ్‌ని గాలి చొరకుండా మూసేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. మూసేస్తే ఏమవుతుందో చూద్దాం. హాలోజన్ బల్బులో తీగ రెండున్నర వేల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. దాని చుట్టూ ఉన్న గాలి 30 నుంచి 70 డిగ్రీలకి చేరిందనుకుంటే, పీడనం 13 శాతం పెరుగుతుంది. వాతావరణ పీడనంలో 13 శాతం చిన్న సంగతి కాదు. 500 చదరపు సెంటీమీటర్ల గ్లాసు మీద అది 65 కిలోలకు పైగా బరువు మోపినట్టు. లైటు వేసినప్పుడల్లా లోపలి నుంచి ఒక మనిషి బరువు తోస్తూ, ఆర్పినప్పుడల్లా వదిలేస్తూ ఉంటే ఏ అతుకూ ఏళ్ళ తరబడి నిలవదు. అందుకే తయారీదారులు కావాలనే దారి వదులుతారు. లైటు వెలగగానే లీటరు పైచిలుకు గాలి బయటికి పోతుంది. ఆర్పగానే అంత గాలీ తిరిగి లోపలికి వస్తుంది, బయట ఎంత చెమ్మ ఉంటే అంత చెమ్మతో.

పూర్తిగా మూసిన దీపాలూ ఒకప్పుడు ఉండేవి. అమెరికాలో 1940 మోడళ్ళ నుంచి కార్లన్నిటికీ సీల్డ్ బీమ్ దీపాలు వచ్చాయి. గుండ్రని గాజు గిన్నె, గాజు మూత, మధ్యలో తీగ, అన్నీ కరిగించి ఒకటిగా అతికినవి. చెమ్మ అన్న మాటే లేదు. తీగ తెగితే మాత్రం దీపం మొత్తం పారెయ్యాల్సిందే. యూరప్ మాత్రం బల్బు మార్చుకునే పద్ధతినే పట్టుకుని ఉంది. మన రోడ్ల మీద ఇవాళ్టికీ కోట్లలో కనిపించే రెండు తీగల హెచ్4 బల్బు 1971లో అక్కడే వచ్చింది. 1983లో అమెరికా కూడా బల్బు మార్చుకునే దీపాల్ని ఒప్పుకున్నాక, ప్లాస్టిక్ గ్లాసులు ఊపందుకున్నాయి. డూమ్ కారు ముఖానికి తగ్గట్టు ఏ ఆకారంలోకైనా వంగింది. దాంతో పాటే అతుకులూ, మూతలూ, గొట్టాలూ పెరిగాయి. చెమ్మ సమస్య ఆ సౌకర్యంతో వచ్చిందే.

గాలి రావాలి, నీరు రాకూడదు. దీనికి పాత ఉపాయం డూమ్ వెనక వంకీ తిరిగిన చిన్న రబ్బరు గొట్టాలు. కొత్త ఉపాయం చొక్కా బొత్తామంత తెల్లటి పొర. అది సాగదీసిన టెఫ్లాన్. టెఫ్లాన్‌ని 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొంటే, దాన్ని వేడిచేసి ఒక్క ఉదుటున లాగితే సన్నటి రంధ్రాల పొరగా సాగుతుందని 1969లో బాబ్ గోర్ గమనించాడు. ఆ రంధ్రాలు మైక్రాన్ కంటే చిన్నవి. నీటి అణువు వాటికంటే వందల రెట్లు చిన్నది కాబట్టి ఆవిరి సులువుగా దూరిపోతుంది. వాన చినుకు వాటికంటే వేల రెట్లు పెద్దది, పైగా టెఫ్లాన్‌కి నీరు అంటదు. వానకోటుల్లో వాడే పొర కూడా ఇదే. హెడ్‌లైట్ వెనక దాన్ని మొదటిసారి చూసినవాళ్ళు స్టిక్కరనుకుని పీకేస్తుంటారు. అది స్టిక్కరు కాదు, దీపం ముక్కు.

చెమ్మ ఒకరి కారుకి పట్టి పక్కవాళ్ళ కారుకి పట్టకపోవడం వెనక పాత కథ ఉంది. మంచు ఆకాశం నుంచి రాలుతుందా, నేలలోంచి పుడుతుందా అని ఒకప్పుడు పండితులు వాదించుకునేవారు. లండన్‌లో వైద్యం చేసే విలియం చార్లెస్ వెల్స్ సమాన తూకం ఉన్న ఉన్ని పింజల్ని ఆరుబయట కొన్ని, బల్ల చాటున కొన్ని రాత్రంతా పెట్టి, ఆ తర్వాత వాటి బరువు ఎంత పెరిగిందో తూచేవాడు. నిర్మలమైన ఆకాశాన్ని చూస్తున్న పింజలు ఎక్కువ తడిశాయి, చాటునున్నవి తక్కువ. వస్తువు ముందు తన వేడిని ఆకాశంలోకి వదిలి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుందనీ, ఆ తర్వాతే దానిమీద నీరు పేరుకుంటుందనీ 1814లో తన గ్రంథంలో తేల్చాడు. వీధిలో నిలిపిన కారు గ్లాసు మసకబారి, పోర్టికోలో పెట్టినది తేటగా ఉండటానికి వెల్స్ చెప్పిన కారణమే చాలు.

ఊరిని బట్టి కూడా తేడా ఉంటుంది. విశాఖలో జులై సాయంత్రం 28 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 85 శాతం అనుకుంటే, ఆ గాలిలోని ఆవిరి 25 డిగ్రీల దగ్గరే నీరుగా మారడం మొదలవుతుంది. ఒక్క వానజల్లు చాలు గ్లాసు అంత చల్లబడటానికి. అనంతపురంలో మే మధ్యాహ్నం 40 డిగ్రీలు, ఆర్ద్రత 20 శాతం అయితే, గ్లాసు 13 డిగ్రీల దాకా దిగితే తప్ప చెమ్మ పట్టదు. కాబట్టి విశాఖ కారు గ్లాసు మీద తెల్లారి కనబడే పలచని మసకని చూసి కంగారు పడక్కర్లేదు. అదే మసక మే నెలలో అనంతపురం కారులో కనిపిస్తే అనుమానించి తీరాలి.

అనుమానం తీర్చుకోవడానికి రెండు దీపాల్నీ పోల్చి చూడాలి. ఒకే కారుకి, ఒకే గాలిలో, ఒకే రాత్రి గడిపిన రెండు దీపాలూ ఇంచుమించు ఒకేలా మసకబారితే అది వాతావరణం. ఒకటి తేటగా ఉండి రెండోదే మసకబారితే అది జబ్బు. ఆ తర్వాత అరగంట లో బీమ్ వేసి ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్న హాలోజన్ దీపంలో బల్బుకి ఎదురుగా గ్లాసు ముందు తేటపడుతుంది, ఆ తేట నెమ్మదిగా అంచులకి పాకుతుంది. తేటపడకపోగా బొట్లు పెద్దవై ధారలు కట్టి దిగుతుంటే లోపల నీటి నిల్వ ఉన్నట్టే. గ్లాసు లోపలివైపు అడుగున మట్టిగీత కనిపిస్తే ఇంక సందేహం అక్కర్లేదు. ఆవిరి మట్టిని మోసుకురాలేదు.

నీరు దూరే పద్ధతి చూస్తే మాత్రం ఆశ్చర్యం కలుగుతుంది. వేడన్నం పెట్టి మూత బిగించిన స్టీలు టిఫిన్ డబ్బా చల్లారాక మూత ఎంత లాగినా రాదు, గుర్తుందా? లోపలి ఆవిరీ గాలీ చల్లబడి పీడనం పడిపోతుంది. గంటసేపు వెలిగిన హెడ్‌లైట్ నీళ్ళు నిలిచిన గుంటలోకి దిగినా, వాటర్ సర్వీసింగ్‌లో పైపు నీళ్ళు మీద పడినా జరిగేది అదే. గాలిదారులు మట్టితో పూడుకుపోయిన డూమ్‌లో గాలి ఒక్కసారిగా 70 నుంచి 50 డిగ్రీలకి దిగితే, లోపలి పీడనం దాదాపు 6 శాతం తగ్గుతుంది. నీటిని అరమీటరు ఎత్తుకి పీల్చడానికి ఆ తేడా చాలు. వాన కిందికే కురుస్తుంది కదా, డూమ్ కిందివైపు పగులుంటే ఏం నష్టం అనుకుంటారు. డూమ్ ఆ పగుల్లోంచే నీళ్ళని పైకి తాగుతుంది. పూడుకుపోయిన గాలిదారి చేసే అసలు హాని ఇదే: ఊపిరికి వేరే దారి వెతుక్కోమని డూమ్‌ని బలవంతపెడుతుంది.

నీళ్ళు దిగిపోవడానికి, చెమ్మ తగ్గించుకోవడానికి చాలామంది డూమ్ అడుగున డ్రిల్లుతో చిన్న కన్నం పెట్టిస్తారు. పైన చెప్పినదంతా చదివాక అది ఎందుకు పనికిరాదో వేరే చెప్పక్కర్లేదు. నీరు దిగే కన్నంలోంచే నీరూ దుమ్మూ ఎక్కుతాయి.

దారి వెతకడం డూమ్ వెనక నుంచి మొదలుపెట్టాలి. ముందువైపు గ్లాసు అతుకు జోలికి చివర్న వెళ్ళాలి. ఎక్కువ కేసుల్లో దోషి బల్బు వెనకుండే రబ్బరు బూటు, లేదా ప్లాస్టిక్ డస్ట్ క్యాప్. బల్బు మార్చినప్పుడు బూటు పెదవి ఒకచోట మడత పడిందా, దాని మీద చెక్కిన బాణం గుర్తు పైకి ఉందా, క్యాప్ పూర్తిగా తిరిగి లాక్ అయిందా చూడాలి. ఈమధ్య హాలోజన్ తీసేసి, ఫ్యానూ హీట్ సింకూ ఉన్న ఎల్‌ఈడీ బల్బులు పెట్టిస్తున్నారు. వాటి తోక పొడుగు. బూటు పట్టదు. షెడ్డులో బూటుని కత్తిరించో, అసలు తీసేసో పంపుతారు. వెలుగు పెరిగిందన్న సంతోషం మొదటి వాన దాకానే.

బూటు బాగుంటే గాలిగొట్టాలు. మట్టి, సాలెగూళ్ళు, కందిరీగ పెట్టిన మట్టిగూడు దేనికైనా అవి పూడుకుపోతాయి. ఆ తర్వాత బంపరుకి ఎప్పుడో తగిలిన దెబ్బతో డూమ్ చెవుల దగ్గర పడ్డ సన్నటి పగుళ్ళు. చివరికి గ్లాసూ వెనక డబ్బా కలిసే చోట ఉండే జిగురు అతుకు. ఏది లీకో కంటికి కనిపించకపోతే డూమ్‌ని ఊడదీసి, ఒక్క గొట్టం తప్ప అన్ని దారులూ మూసి, ఆ గొట్టంలోంచి నోటితో ఊదుతూ అతుకుల వెంబడి సబ్బునీళ్ళు రాయాలి. బుడగ లేచిన చోట దారి ఉంది. కంప్రెసర్ గాలి పెట్టకూడదు, ఆ ఒత్తిడికి బాగున్న అతుకు కూడా విడిపోతుంది.

లీకు దొరికాక సిలికాన్ పూసేముందు ట్యూబు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదిలే రకం. మూసిన డూమ్‌లో ఆ ఆమ్లపు ఆవిరి రాగినీ, రిఫ్లెక్టర్ మీది అల్యూమినియంనీ తింటుంది. వాసన రాని న్యూట్రల్ క్యూర్ రకమే వాడాలి. ఈ చిన్న తేడా తెలియక బాగుచేసిన దీపాలు ఆరునెలల్లో నల్లబడటం నాకు నిజంగా బాధనిపించే విషయం.

ఆరబెట్టడానికి ఎండా, తీసి ఉంచిన డస్ట్ క్యాపూ, ఓపికా సరిపోతాయి. తొందరుంటే సిలికా జెల్ పొట్లాలు లోపల పెట్టి మర్నాడు గుర్తుగా తీసెయ్యాలి. హీట్ గన్ వద్దు. చాలా డూమ్‌ల అతుకు జిగురు 100 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడుతుంది. లోపల గుడ్డ పెట్టి తుడవడం అంతకంటే ప్రమాదం. రిఫ్లెక్టర్ మీది అల్యూమినియం మందం మైక్రాన్‌లో పదో వంతు, ఒక్క రాపిడికి పోతుంది. కొన్ని గ్లాసుల లోపలివైపు నీరు బొట్లు కట్టకుండా పరుచుకునేలా ఒక పూత ఉంటుంది. సబ్బునీళ్ళు పోసి కడిగితే అదీ పోయి, మసక మునుపటికంటే త్వరగా పడుతుంది.

గ్లాసు తేటపడినా వెలుగు తక్కువగా ఉంటే చెమ్మ కప్లర్ దాకా వెళ్ళిందన్నమాట. హెచ్4 బల్బు వెనక కప్లర్ లాగి చూస్తే మూడు పిన్నులుంటాయి. ఇత్తడి మెరుపు పోయి ఒకదాని మీద పచ్చటి చిలుము, పక్కన ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కాస్త కుంగి ఉంటుంది. ఆ చిలుము 0.2 ఓమ్‌ల నిరోధం పెడితే చాలు. 60 వాట్ల తీగ 5 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి అక్కడే ఒక వోల్టు పోతుంది, 5 వాట్ల వేడి ఆ ఒక్క పిన్ను మీద పుడుతుంది. ప్లాస్టిక్ కరిగింది అందుకే. బల్బుకి అందే వోల్టేజీ పదిశాతం తగ్గితే వెలుగు తగ్గేది పదిశాతం కాదు, దాదాపు ముప్పై శాతం. బల్బు మార్చి ప్రయోజనం లేదు. లైటు వెలుగుతుండగా కప్లర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి కొలవాలి. ఆర్పి కొలిస్తే కరెంటు పారదు గనక చిలుము దొరకదు.

ఒక దీపం ఎర్త్ పూర్తిగా తెగితే లక్షణం ఇంకా తికమకగా ఉంటుంది. మూడు పిన్నుల్లో రెండు తీగలకీ ఉమ్మడిదైన పిన్ను ఎర్త్‌కి వెళ్ళే కార్లలో, లో బీమ్ వేస్తే కరెంటు తిన్నగా దిగే దారి లేక, అదే బల్బులోని హై బీమ్ తీగలోకి వెనక్కి పారి, అక్కడి నుంచి హై బీమ్ వైరు పట్టుకుని అవతలి దీపంలోని హై బీమ్ తీగ గుండా ఎర్త్ చేరుతుంది. ఎర్త్ తెగిన దీపం గుడ్డిగా వెలుగుతుంది, డ్యాష్‌బోర్డు మీద నీలం గుర్తు మినుకుతుంది. చాలాసార్లు ఈ తప్పుకి స్విచ్చులూ రిలేలూ బలైపోతాయి. పది రూపాయల ఎర్త్ వైరు చివర గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే తీరేది.

ఎల్‌ఈడీ దీపాల విషయం వేరు. హాలోజన్ తన వేడిని గ్లాసు మీదికే పంపేది, అందుకే చెమ్మ దానంతట అదే ఆరేది. ఎల్‌ఈడీ వేడంతా వెనక హీట్ సింకులోకి పోతుంది, గ్లాసు చల్లగానే ఉండిపోతుంది. కరెంటు ఆదా, చెమ్మకి మాత్రం ఆటవిడుపు. అందుకని కొన్ని డూమ్‌లలో హీట్ సింకు వేడిగాలిని చిన్న ఫ్యానుతో గ్లాసు వైపు మళ్ళిస్తున్నారు. మీ కారు దీపం ఎల్‌ఈడీ అయితే అరగంట పరీక్షని ఒకటి రెండు పొడి రోజుల పరీక్షగా మార్చుకోవాలి.

డూమ్ ఊడదీసి బిగించిన కారుని అలాగే రోడ్డెక్కించకూడదు. దాని గురి ఎంతో కొంత జరిగి ఉంటుంది. చదునైన నేలమీద గోడకి 10 మీటర్ల దూరంలో కారు నిలిపి, దీపం మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడమీద అంత ఎత్తున సుద్దతో గీత గీసి, లో బీమ్ వెయ్యాలి. వెలుగుకీ చీకటికీ మధ్య హద్దు ఆ గీతకి 10 సెంటీమీటర్లు కిందుగా పడాలి, ఎడమవైపు మాత్రం కాస్త పైకి లేవాలి. కుడివైపు అంతకంటే పైకి వెళ్తోందంటే ఎదురొచ్చే డ్రైవరు కళ్ళలోకి కొడుతున్నట్టు. డూమ్ వెనకున్న స్క్రూ తిప్పి దాన్ని దించాక పని అయినట్టు.